వచ్చి పోయే వార్నింగ్ లైట్లు, ఊగే స్పీడో ముల్లు: పాత కారులో లోపాన్ని ఎలా పట్టుకోవాలి

పాత కారులో పూర్తిగా చెడిపోయిన భాగాన్ని పట్టుకోవడం తేలిక. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించేదాన్ని పట్టుకోవడమే కష్టం. గతుకుల రోడ్డు మీద వెలిగిన బ్యాటరీ లైటు షెడ్డుకు వెళ్లేసరికి ఆరిపోతుంది. వానలో సున్నాకు పడిపోయిన స్పీడో మీటర్ ముల్లు ఎండ కాయగానే మామూలుగా కదులుతుంది. ఆ తర్వాత జరిగేది చాలామందికి అనుభవమే. ముందు సెన్సార్ మారుస్తారు, తగ్గకపోతే మీటర్ మొత్తం మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) మీద అనుమానం పడుతుంది. మారుతీ 800, జెన్, ఆల్టో, శాంట్రో, ఇండికా లాంటి కార్లకు ఇప్పుడు పలికే ధరతో పోలిస్తే ఈ ఖర్చు చిన్నదేమీ కాదు. ఇంత చేసినా అసలు లోపం చిలుము పట్టిన కప్లర్‌లోనో (వైర్లను కలిపే ప్లగ్గు), వదులైన ఎర్త్ బోల్టు కిందో (కరెంటు బాడీ లోహం మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే చోటు) అలాగే ఉండిపోతుంది.

లైటు వెలిగిందంటే ఫలానా భాగం పోయిందని తేల్చేయకూడదు. ఒక వైరులో వోల్టేజీ మారిందన్నంత వరకే అది చెబుతుంది. ఆ మార్పు ఇంజనులోంచి రావచ్చు, సెన్సార్‌లోంచి రావచ్చు, దారిలో ఉన్న కప్లర్‌లోంచి రావచ్చు, మీటర్ వెనకున్న ఎర్త్‌లోంచీ రావచ్చు. ఏ లైటు వెలిగిందన్న దానితో పాటు, అదే క్షణంలో ఇంకేం జరిగిందన్నది కూడా గమనించాలి. హెడ్‌లైట్లు వేశాక మొదలైందా? మలుపు తిరిగేటప్పుడా? ఇంజను వేడెక్కి సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడా? వాటర్ వాష్ చేయించిన మర్నాడా? పక్కనున్న పెట్రోలు ముల్లు కూడా కదిలిందా? వీటికి జవాబులుంటే ఏ వైపు వెతకాలో చాలావరకు తేలిపోతుంది.

ఒక్కో లైటు వెనక ఏముంది

ఆయిల్ లైటు ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. ఇంజను బ్లాకుకు బిగించిన చిన్న స్విచ్, దానికి ఒకే ఒక వైరు. ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు స్విచ్ ఆ వైరును ఇంజను లోహానికి, అంటే ఎర్త్‌కు కలుపుతుంది కాబట్టి లైటు వెలుగుతుంది. ఇంజను స్టార్టయి ఒత్తిడి సుమారు 0.3 నుంచి 0.5 బార్ దాటగానే స్విచ్ విడిపోతుంది, లైటు ఆరుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే వచ్చి పోయే ఆయిల్ లైటును మూడు రకాలుగా విడదీయొచ్చు. ఇంజను బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో మాత్రమే మిణుకుమిణుకుమంటూ, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతే నిజంగానే ఒత్తిడి తగ్గుతోందని అనుమానించాలి. ఆయిల్ పలచబడి ఉండొచ్చు, బేరింగులు అరిగి ఉండొచ్చు, పంపు బలహీనపడి ఉండొచ్చు. గట్టిగా బ్రేకు వేసినప్పుడో, మలుపులోనో వెలిగితే ముందు డిప్ స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ తక్కువైతే ఒక పక్కకు ఒరిగి, పంపు పీల్చే జాలీకి అందదు. ఇంజను వేడితో గానీ వేగంతో గానీ సంబంధం లేకుండా గతుకు తగిలినప్పుడల్లా వెలిగితే, ఆ ఒంటి వైరు ఎక్కడో ఒరిపిడికి తోలు ఊడి ఇంజనుకు తగులుతోందని అర్థం.

ఈ మూడింటిలో ఏదో తేలేవరకు బండి నడపకూడదు. స్విచ్ చవకైనది కాబట్టి ముందు అది మార్చి చూద్దామనడం షెడ్డుల్లో మామూలే. ఆ స్విచ్ ఉన్న రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి, ఇంజను వేడిగా ఉండగా అసలు ఒత్తిడి ఎంతుందో చూడటమే సరైన పని. కొత్త స్విచ్‌తో లైటు ఆరినంత మాత్రాన ఒత్తిడి సరిపోతోందని నమ్మడానికి లేదు.

బ్యాటరీ లైటు మరింత ఆసక్తికరమైనది. ఆ బల్బుకు ఒక వైపు తాళం స్విచ్ మీదుగా బ్యాటరీ కరెంటు వస్తుంది, రెండో వైపు ఆల్టర్నేటర్‌కు వెళ్తుంది. మన దగ్గర చాలామంది ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయనప్పుడు రెండో వైపు దాదాపు ఎర్త్‌లా ఉంటుంది, బల్బు వెలుగుతుంది. ఛార్జింగ్ మొదలయ్యాక రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉంటుంది కాబట్టి ఆరిపోతుంది. అంటే ఈ లైటు ఆ రెండు వైపుల మధ్య తేడాను చూపిస్తుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినప్పుడు మసకగా వెలుగుతోందంటే ఆల్టర్నేటర్ డయోడు పోయి ఉండొచ్చు. తాళం స్విచ్ దగ్గరో, ఫ్యూజు బాక్సు దగ్గరో కాంటాక్టు పాడై ఆ వైపు వోల్టేజీ తగ్గుతూ ఉండొచ్చు కూడా. ఆల్టర్నేటర్ విప్పే ముందు బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టాలి. రాత్రంతా కదలకుండా నిలిపి ఉంచిన కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజను నడుస్తూ లైట్లన్నీ వేసినా 13.5 నుంచి 14.5 మధ్య ఉందంటే ఛార్జింగ్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. అరిగిన కార్బన్ బ్రష్షులు మాత్రం ఈ పరీక్షలో ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలవుతాయి. ఆ కార్లలో గతుకుల మీద లైటు మెరిసి ఆరుతుంది.

చాలా ఆల్టర్నేటర్లు మొదట మేలుకోవడానికి ఈ బల్బు గుండా వచ్చే చిన్న కరెంటు మీదే ఆధారపడతాయి. బల్బు మాడిపోతే స్టార్ట్ చేసిన వెంటనే ఛార్జింగ్ మొదలుకాదు, ఒకసారి ఇంజను గట్టిగా రేజ్ చేశాకే అందుకుంటుంది. మీటర్ బోర్డు అందంగా ఉండాలని బల్బులన్నీ ఎల్‌ఈడీలకు మార్చిన కార్లలోనూ ఇదే ఇబ్బంది రావచ్చు. ఎల్‌ఈడీ గుండా వెళ్లే కరెంటు చాలా తక్కువ.

మీటర్ బోర్డులోని బ్రేకు వార్నింగ్ లైటుకు రెండు స్విచ్‌లు ఉంటాయి. ఒకటి హ్యాండ్‌బ్రేక్ దగ్గర, రెండోది బ్రేక్ ఆయిల్ డబ్బాలో తేలే ఫ్లోటు దగ్గర. రెండింట్లో ఏది కలిసినా లైటు వెలుగుతుంది. మలుపుల్లోనూ, బ్రేకు వేసినప్పుడూ వెలుగుతోందంటే డబ్బాలో ఆయిల్ కనీస మట్టానికి దిగిందన్నమాట. అలా వెలిగినప్పుడు ఆయిల్ పోసి ఊరుకోవడం ప్రమాదం. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్లు ముందుకు జరిగి, డబ్బాలో మట్టం సహజంగానే తగ్గుతుంది. ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. పైనుంచి పోస్తే ఆ రెండు సంకేతాలూ కనిపించకుండా పోతాయి. గతుకుల్లో మాత్రమే వెలిగితే చాలాసార్లు హ్యాండ్‌బ్రేక్ లివరు కింది స్విచ్ వదులై ఉంటుంది. లివరును కొద్దిగా కిందికి నొక్కితే ఆరడమే దానికి గుర్తు. అయినా డబ్బాలో మట్టం, చక్రాల దగ్గర లీకులు చూడకుండా ఆ నిర్ణయానికి రాకూడదు.

కేబుల్ మీటర్

పాత మారుతీ 800 లాంటి కార్లలో గేరు బాక్సు నుంచి మీటర్ దాకా ఒక తీగ తిరుగుతూ వస్తుంది. మీటర్ లోపల ఆ తీగ చివర చిన్న అయస్కాంతం ఉంటుంది, దాన్ని తగలకుండా చుట్టూ ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు పుట్టి దాన్ని తమతో లాగుతాయి. సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాలు సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. ఒట్టో షుల్జే 1902లో పేటెంట్ పొందిన ఏర్పాటు ఇది, వందేళ్లు దాటినా పని తీరు మారలేదు. కిలోమీటర్ల అంకెలు మాత్రం అయస్కాంతంతో కాకుండా అదే ఇరుసు మీదున్న పళ్ల చక్రాలతో తిరుగుతాయి.

ఈ తేడాయే మొదటి పరీక్ష. ముల్లు చచ్చిపోయి కిలోమీటర్లు తిరుగుతుంటే కేబుల్ బాగున్నట్టే, లోపం మీటర్ లోపల ఉంది. ముల్లు పనిచేస్తూ కిలోమీటర్లు ఆగిపోయినా మీటర్‌లోనే, ఆ పళ్ల చక్రాల దగ్గర. రెండూ ఆగిపోతే కేబుల్ తెగి ఉండాలి, లేదా దాని నలుపలకల కొన మీటర్ వెనక నుంచి ఊడి ఉండాలి, లేదా గేరు బాక్సు దగ్గరి ప్లాస్టిక్ పళ్ల చక్రం అరిగి ఉండాలి.

ముల్లు ఊగడం వేరే కథ. తక్కువ వేగంలో ముల్లు లయగా ఇటూ అటూ ఊగుతూ, వేగం పెరిగేకొద్దీ నిలకడ పడుతుంటే కేబుల్ ఎక్కడో మెలిక పడి ఉంటుంది, లేదా లోపలి గ్రీజు ఎండిపోయి ఉంటుంది. తీగ ఒక చోట పట్టుకుని, మెలి తిరిగి, ఒక్కసారిగా వదులుతుంది. ముల్లు చూపించేది ఆ వదలడాన్నే. లోపలి తీగ బయటికి లాగి, చదునైన బల్ల మీద పరిచి వేళ్లతో మెల్లగా దొర్లిస్తే మెలిక ఉన్న చోట తీగ ఎగిరి పడుతుంది. గ్రీజు పెట్టేటప్పుడు పైకొనలో ఒక జానెడు పొడిగా వదలాలి. తిరిగే తీగ గ్రీజును పైకి ఎక్కిస్తుంది, అది మీటర్‌లోకి చేరితే గిన్నె, అయస్కాంతం అతుక్కుని ముల్లు కొనకు వెళ్లి నిలబడిపోతుంది. కేబుల్ విప్పినప్పుడు పైకొన గేరాయిల్‌తో తడిసి ఉంటే కింద సీలు పోయిందని తెలుస్తుంది.

కేబుల్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ బిగుసుకుపోతే ఎర్త్ వైపు చూడాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి దానికీ మధ్య కరెంటు దారి ఒక ఎర్త్ పట్టీ ద్వారానే ఉంటుంది. ఆ పట్టీ తుప్పు పట్టినా తెగినా, సెల్ఫ్ కొట్టినప్పుడు లాగే భారీ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, స్పీడో కేబుల్‌ల లోహపు తొడుగుల గుండా తిరిగొస్తుంది. కేబుళ్లు వేడెక్కి లోపలి ప్లాస్టిక్ పూత కరుగుతుంది. పట్టీ సంగతి చూడకుండా ఎన్ని కేబుళ్లు వేసినా ఫలితం ఒకటే.

టైర్ల సైజు మారితే వచ్చే తేడా వచ్చి పోయేది కాదు, ఎప్పుడూ ఉండేది. 145/70 ఆర్12 టైర్ల స్థానంలో 145/80 ఆర్12 వేస్తే చక్రం వ్యాసం దాదాపు 5.7 శాతం పెరుగుతుంది. అసలు వేగం కంటే తక్కువ చూపించే ప్రమాదం ఉంది కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిందే.

సెన్సార్ మీటర్

తర్వాతి తరం కార్లలో గేరు బాక్సు మీద కేబుల్ స్థానంలో వేగ సెన్సార్ వచ్చింది. జపాన్ ప్రమాణం ప్రకారం కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగు పల్సులిచ్చే సెన్సార్ అయితే కిలోమీటరుకు 2548 పల్సులు. గంటకు 60 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 42. మీటర్ చేసే పనల్లా ఈ పల్సులను లెక్కపెట్టడమే. ఒక కప్లర్ పిన్ను వదులై పల్సులు తప్పిపోతుంటే ముల్లు ఒక్కసారిగా కూలి మళ్లీ లేస్తుంది. కేబుల్ మెలికలో కనిపించే లయబద్ధమైన ఊపుకీ, ఈ కూలడానికీ తేడా కంటికి తెలుస్తుంది.

ఈ పల్సులు మీటర్‌కే కాకుండా ఈసీయూకి కూడా వెళ్తాయి. అందువల్ల స్పీడో ముల్లు పడిపోవడంతో పాటు చెక్ ఇంజన్ లైటు వెలగడం, సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే ఇంజను ఆగిపోవడం కలిసి వస్తుంటాయి. వీటిని మూడు వేరువేరు జబ్బులుగా చూసి మూడు చోట్ల డబ్బు పెట్టినవారు ఎందరో. మూడింటికీ కలిసే చోటు ఒక్కటే, ఆ వేగ సంకేతం.

తేల్చడానికి స్కానర్, అంటే ఈసీయూలో దాఖలైన లోపాల కోడ్లు చదివే పరికరం, చాలా బాగా పనికొస్తుంది, అయితే కోడు చదవడానికి మాత్రమే దాన్ని వాడితే సగం ప్రయోజనం పోతుంది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 ఉద్గార ప్రమాణం మొదలైంది, ఆ ప్రమాణం కింద 2013 నుంచి కార్లకు ఓబీడీ-2 (లోపాలను కారే గుర్తించి కోడ్లుగా దాచే ఏర్పాటు) తప్పనిసరి అయింది. అలాంటి కారులో పీ0500 కోడు వస్తే వేగ సంకేతంలో లోపమని అర్థం. సెన్సారే పోయిందని ఆ కోడు చెప్పదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి బండి నడపాలి. ముల్లు సున్నాకు పడిన క్షణంలో స్కానర్ ఇంకా 40 చూపిస్తుంటే సెన్సార్ బాగున్నట్టే, లోపం మీటర్‌లోనో దానికి వెళ్లే వైరులోనో ఉంది. రెండూ ఒకేసారి సున్నా అయితే సెన్సార్, దాని కప్లర్, దాని ఫ్యూజు వైపు చూడాలి. కొన్ని మోడళ్లలో సంకేతం ముందు మీటర్‌కు వచ్చి అక్కడి నుంచి ఈసీయూకి వెళ్తుంది. అలాంటివాటిలో వైరింగ్ బొమ్మ చూశాకే నిర్ణయించాలి.

అంతకంటే పాత సుజుకి ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే) కార్లు చాలావాటిలో స్కానర్ లేకుండానే కోడు చదవొచ్చు. డయాగ్నసిస్ కప్లర్‌లో సరైన రెండు పిన్నులు కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు కొట్టుకుంటుంది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 12, అంటే దాఖలైన లోపం లేదు. రెండు, కాస్త ఆగి నాలుగు వెలిగితే 24, అంటే వేగ సెన్సార్. ఏ పిన్నులన్నది ఆ మోడల్ మాన్యువల్ చూసే కలపాలి.

సెన్సార్‌ను మల్టీమీటర్‌తో నేరుగానూ చూడొచ్చు. మూడు వైర్ల హాల్ సెన్సార్ (అయస్కాంత క్షేత్రంలో మార్పును పసిగట్టేది) అయితే ఒకటి సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సంకేతం. ముందు చక్రం ఒకటి జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి తాళం ఆన్ చేయాలి. కప్లర్ బిగించే ఉంచి, సంకేతం వైరుకు వెనక నుంచి మల్టీమీటర్ పిన్ను గుచ్చి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే వోల్టేజీ సున్నాకూ ఐదుకూ మధ్య (కొన్ని కార్లలో పన్నెండుకు) మారుతూ ఉండాలి. ఒక చక్రం నేల మీద ఉంటే డిఫరెన్షియల్ సగమే తిరుగుతుంది కాబట్టి పల్సులూ సగమే వస్తాయి, కంగారు పడనక్కరలేదు. తిప్పుతూ వైరును, కప్లర్‌ను మెల్లగా కదిలించాలి. కదిపినప్పుడు పల్సులు ఆగితే లోపం దొరికింది. అసలు సప్లై రాకపోతే సెన్సార్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదు.

ఏబీఎస్ ఉన్న కార్లు కొన్నింటిలో వేగ సంకేతం గేరు బాక్సు నుంచి కాకుండా చక్రాల సెన్సార్ల మీదుగా వస్తుంది. ఏబీఎస్ లైటు, చచ్చిన స్పీడో ఒకేసారి కనిపిస్తే ముందు అటు వెళ్లాలి.

కలిసి పాడయ్యేవి

చాలా కాలం తీసుకునే లోపాలు ఇక్కడే ఉంటాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే పెట్రోలు ముల్లు దానితో పాటు కొట్టుకుంటుంది. హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. సంబంధం లేని లైటు ఒకటి మసకగా వెలుగుతుంది. ఇవి మూడూ మీటర్ బోర్డు ఎర్త్ బలహీనపడిందనడానికి బలమైన సూచనలు. సరైన ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు గుండా, పక్క గేజు గుండా వెనక్కి దారి వెతుక్కుంటుంది. ఆ క్షణంలో మీటర్ బోర్డు చూపించేది ఏదీ నమ్మదగినది కాదు. టెంపరేచర్ ముల్లు లేచిందని థర్మోస్టాట్ మార్చడం ఇలాంటి సందర్భంలోనే జరుగుతుంది.

ఎర్త్‌ను ఓమ్ మీటర్‌తో పరీక్షించి బాగుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఓమ్ మీటర్ పంపేది అతి చిన్న కరెంటు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా అది దాదాపు సున్నా చూపిస్తుంది. పైగా చవక మల్టీమీటర్ల వైర్లకే అర ఓమ్ దాకా నిరోధం ఉంటుంది. అదే అర ఓమ్ ఎర్త్ దారిలో ఉండి, ఐదు ఆంపియర్ల కరెంటు ఆ దారిన వెళ్తే రెండున్నర వోల్టులు అక్కడే కోల్పోతాం. అందుకే పని చేయించి కొలవాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను, వెనక అద్దం హీటరు ఉంటే అదీ వేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది మీటర్ బోర్డు ఎర్త్ పిన్ను మీద ఉంచాలి. 0.1 వోల్టు లోపు ఉంటే నిశ్చింత. అర వోల్టు దాటితే బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాలి.

తీర ప్రాంతాల్లో, విశాఖ, కాకినాడ వైపు తిరిగిన కార్లలో కప్లర్ల లోపల చిలుము ఎక్కువగా కనిపిస్తుంది. ఎక్కడైనా కనిపించేవి మరో మూడు. ఎలుకలు కొరికిన వైర్లు. ముందు అద్దం రబ్బరు ఎండిపోయి డ్యాష్ బోర్డు కిందికి, ఫ్యూజు బాక్సు మీదికి కారిన వాన నీరు. ఎప్పుడో స్టీరియోకో, సెంట్రల్ లాకుకో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు. బయట పెట్టించిన సామాను ఏదున్నా దాని అతుకులు ముందు విప్పి చూడమనడం ఎంతో సమయాన్ని మిగులుస్తుంది.

మీటర్ బోర్డులోనే లోపమన్న ఆధారం దొరికితే దాన్ని బయటికి తీయాలి. పాతవాటిలో వెనక రాగి గీతలున్న పలుచని ప్లాస్టిక్ షీటు ఉంటుంది, బల్బు హోల్డర్లు దానిలోకి మెలితిప్పి బిగించినవి. హోల్డర్ తగిలే చోట రాగి నల్లబడినా, లేచినా ఆ లైటు మిణుకుతుంది. కొత్తవాటిలో సర్క్యూట్ బోర్డు ఉంటుంది. పెద్ద కప్లర్ పిన్నుల చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నటి గుండ్రటి పగులు భూతద్దంలో కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పనిచేయని మీటర్, పది నిమిషాలు నడిచి లోపల వేడెక్కాక పనిచేయడం దీని లక్షణం. నేర్పున్న చేతులతో ఆ టంకం మళ్లీ పోయిస్తే చాలు, మీటర్ మార్చనక్కరలేదు. మీటర్ మారిస్తే కిలోమీటర్ల లెక్క కూడా మారుతుంది కాబట్టి, తప్పనిసరైనప్పుడు పాత రీడింగును, తేదీని బిల్లు మీద రాయించుకోవాలి. రేపు ఆ కారు కొనేవారికి అది తెలియాలి.

షెడ్డుకు వెళ్లేముందు

వెలిగినప్పటి మీటర్ బోర్డును పక్కనున్నవారితో ఫోన్లో వీడియో తీయించి ఉంచుకుంటే ఎంత వివరించినా చెప్పలేనిది మెకానిక్‌కు చూపించొచ్చు. కోడ్లు చదవకముందు బ్యాటరీ వైరు విప్పనివ్వకూడదు. చాలా పాత కార్లలో కోడ్లు దానితోనే చెరిగిపోతాయి, లోపం దాఖలైన క్షణంలో వేగం, వేడి ఎంతున్నాయో చెప్పే వివరాలూ పోతాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు తాళం ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా లైట్లన్నీ వెలుగుతున్నాయా అని చూడాలి. వెలగని లైటు వెలిగే లైటు కంటే ఎక్కువ అనుమానించదగినది. ఎయిర్‌బ్యాగ్ బల్బు తీసేసిన కార్లు, దాన్ని ఆయిల్ లైటు వైరుకు కలిపేసిన కార్లు కూడా ఉంటాయి. రెండు లైట్లు సరిగ్గా ఒకే క్షణంలో ఆరుతుంటే మీటర్ వెనక చూడమని అడగాలి.

ఇలాంటి లోపాల్లో ఒక చిక్కు ఏమిటంటే, కప్లర్ ఊడదీసి మళ్లీ పెట్టడంతోనే కొన్నాళ్లు అంతా బాగైపోతుంది. పిన్ను కాస్త ఒరుసుకుని కొత్త కాంటాక్టు దొరుకుతుంది. అదే రోజు సెన్సార్ కూడా మార్చి ఉంటే సెన్సార్‌దే తప్పని అందరూ నమ్ముతారు, మూడు నెలల తర్వాత వానల్లో లైటు మళ్లీ వెలిగేవరకు. కాబట్టి ఏదైనా విప్పే ముందే ఒక కొలత తీసి కాగితం మీద రాసుకోవాలి, పని అయ్యాక అదే చోట, అవే లైట్లు వేసి మళ్లీ కొలవాలి. ముందు 1.2 వోల్టులు పోతున్న ఎర్త్ ఇప్పుడు 0.05కు దిగితే లోపం పోయింది. రెండుసార్లూ 0.05 వస్తే ఎర్త్ మొదటి నుంచీ బాగానే ఉంది, లైటు ఆరినా సరే వెతుకులాట ఆపకుండా తర్వాతి కప్లర్‌కు వెళ్లాలి.